దాటిపోయిన బంతి

బోటాటౌంగ్, యాంగోన్
2024 జూన్ 9

రాజమోహన్ గారికి,

లోకనాథం రాస్తున్నాను. మనం మాట్లాడుకుని ఇరవై ఒక్కేళ్ళయింది. క్షేమమా అని అడగను, మీరు క్షేమంగానే ఉంటారు. ఫోన్ ఎందుకు చెయ్యలేదంటే మీ గొంతు వినాలని లేదు. తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే మీ షాపులో ఈ అక్షరాలు చదవగలిగింది మీరొక్కరే. గుడిబడిలో నా పక్కన కూర్చుని నేర్చుకున్నారు. రోజూ మీ షాపుకి పూలు తెచ్చే సింహాచలమ్మ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

పని చెప్తాను. మన బేస్‌బాల్ సంఘంవాళ్ళు ఆడపిల్లల జట్టు పెడుతున్నారు. బ్యాటు ఆడేవాళ్ళ వెనక బంతి పట్టే క్యాచర్లకి నేర్పడానికి ఒక మనిషి కావాలట, జీతం ఇస్తారట. అర్జీ పెట్టాను. నేను గేటు కాపలా కాస్తున్న లైంగ్‌థార్యార్ కుట్టు ఫ్యాక్టరీ ఈ వానలు దాటి ఉండేలా లేదు. నలభై ఎనిమిదేళ్ళవాణ్ణి, నాకు ఇంకెవరు పనిస్తారు? అయినా జీతం కోసమే అయితే మీకు రాసేవాణ్ణి కాను.

సంఘంవాళ్ళు నా అర్జీ చూసి, అన్నీ బాగున్నాయి గానీ చివరి బంతి వదిలేసినవాడు పిల్లలకి ఏం నేర్పుతాడు అన్నారట. మూడేళ్ళలో అరవై ఒక్క ఆటలు ఆడాను. బ్యాటు పట్టుకుంటే నా అంత దద్దమ్మ లేడు, మనకి ఆట నేర్పిన జపాన్ మాస్టారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవారు. కానీ ప్లేటు వెనక గొంతుకూర్చున్నానంటే బంతి నన్ను దాటేది కాదు. రేవులో మా నాన్న బియ్యం బస్తా విసిరితే పదేళ్ళప్పుడే గుండెకి ఆనించి పట్టినవాణ్ణి. మీరు వేసే చెడ్డ బంతులు నేల మీద దొర్లుకుంటూ వచ్చినా కడుపుతో ఆపాను. అరవై ఆటల్లో ఒక్కటి దాటలేదు. అరవై ఒకటో ఆటలో దాటిన ఆ ఒక్క బంతే ఇప్పుడు నా పేరు.

మీరు సంఘంలో పెద్దమనిషి. ఒక్క కాగితం రాసివ్వండి. నేను అడిగిన బంతి ఒకటి, మీరు వేసిన బంతి ఇంకొకటి అని. జరిగిందే రాయమంటున్నాను.

దుర్గ నా దగ్గర బాగానే ఉంది.

లోకనాథం

*

లత పేట, యాంగోన్
జూన్ 21

లోకనాథం బావకి,

నీ దస్తూరి చూసి ఎంత సంతోషించానో. ఇరవై ఒక్కేళ్ళ మౌనవ్రతం విడిచిపెట్టావు, అదీ 'మీరు' అని మొదలుపెట్టి. చెల్లెలి మొగుణ్ణి ఇంత మర్యాదగా పిలిచే బావ మన లత పేటలో నాకొక్కడికే ఉన్నాడని అందరికీ చెప్పుకుంటున్నాను.

ఏ బంతి బావా? నేను షాపువాణ్ణి. పప్పులు, మినుములు, పసుపు కొమ్ములు గుర్తుంటాయి గానీ 2003 నాటి బంతి ఎలా గుర్తుంటుంది? సంఘంవాళ్ళు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇస్తారు, అంతకంటే నా పెద్దరికం ఏమీ లేదు. అయినా నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నీ సంగతి రెండు పేజీలు రాశావు. నా పెళ్ళాం సంగతి, అదే నీ చెల్లెలి సంగతి, అడుగున ఒక్క ముక్క రాశావు.

మార్చిలో తలుపు సందులో వేలు పడి విరిగిందని, పది రోజులు అన్నయ్య దగ్గరుండి వస్తానంటే పంపాను. ఇప్పటికి మూడు నెలలు దాటింది. తూకం దగ్గర కూర్చునే మనిషి లేక షాపులో అవస్థగా ఉంది. కొనేవాళ్ళు అమ్మ ఏదని అడుగుతున్నారు. ఊరికి వెళ్ళిందని చెప్తున్నాను. మనకి ఊరెక్కడుంది బావా?

నీ బావ
రాజమోహన్

*

బోటాటౌంగ్
జూలై 14

రాజమోహన్ గారికి,

మీకు గుర్తు లేదన్నారు కాబట్టి గుర్తు చేస్తాను.

మలేషియా జట్టు వచ్చింది. చివరి వంతు, రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. మూడో బేస్ మీద వాళ్ళ మనిషి ఉన్నాడు. బంతి నా వెనక్కి పోతే వాడు పరిగెత్తుకొచ్చేస్తాడు, ఆట అయిపోతుంది. ఏ బంతి వెయ్యాలో క్యాచర్ మోకాళ్ళ మధ్య వేళ్ళతో చూపిస్తాడు. ఒక వేలైతే సూటి బంతి, రెండు వేళ్ళైతే చివర్లో వాలిపోయే బంతి. వాలే బంతి నేలకి తగిలి ఎటు లేస్తుందో తెలియదని నేను ఒక్క వేలు చూపించాను. మీరు తలూపి, వాలే బంతి వేశారు. సూటి బంతి కోసం గ్లవ్ పైకి పెట్టుకున్నవాణ్ణి, దాన్ని ఎలా పడతాను? వాడు ప్లేటు దాకా పరిగెత్తుకొచ్చేశాడు. మాస్టారు మీ దగ్గరికొచ్చి ఏమైందని అడిగారు. మీరు తల వంచుకుని నిలబడ్డారు. ఒక్క మాట అన్నారా? ఆ మరుసటి వారం నన్ను జట్టులోంచి తీసేశారు. మీరు ఇంకో ఆరేళ్ళు ఆడారు.

మిమ్మల్ని చూసి, మీ స్నేహం చూసి, రేవు కూలీల ఇంట్లో పుట్టిన నా చెల్లెల్ని మీ షాపువాళ్ళ ఇంటికి నేనే ఇచ్చాను. ఆ ఆట తర్వాత మీరు దాన్ని పుట్టింటి గడప తొక్కనివ్వలేదు. నాన్న పోయినప్పుడు గంటసేపు పంపి, బయట ట్యాక్సీ నిలిపి ఉంచారు.

ఇక తలుపు సంగతి. నా చేతివేళ్ళలో నాలుగు విరిగినవే. బంతి చివర తగిలితే ఎలా విరుగుతుందో, గ్లవ్‌లో చిక్కుకుని మెలిపడితే ఎలా విరుగుతుందో నాకు తెలుసు. తలుపులో నలిగితే ముందు గోరు నల్లబడి ఊడుతుంది. దుర్గ గోరు చెక్కుచెదరలేదు. వేలు మొదట్లో, వెనక్కి విరిగింది. ఇంకో మనిషి తన చేత్తో పట్టుకుని వంచితేనే వేలు అలా విరుగుతుంది. ఎవరు చేశారే అని అడిగాను. తలుపనే చెప్పింది. నేను కట్టు కడుతున్నంతసేపూ నా మొహం చూడలేదు.

లోకనాథం

*

లత
ఆగస్టు 3

బావా,

నువ్వు డాక్టరువి ఎప్పుడయ్యావు? చెబితే మా షాపువాళ్ళందరినీ పంపించేవాణ్ణి.

సరే, తిన్నగా మాట్లాడుకుందాం. నీకు కాగితం కావాలి, నాకు నా ఇల్లాలు కావాలి. తదింజుట్ దీపాల పండగ అయిన వారానికి సంఘం మీటింగు. నీ అర్జీ ఆ రోజు తేలుస్తారు. నువ్వు ఏ మాటలు చెబితే ఆ మాటలే రాసి సంతకం పెడతాను, చదివి వినిపించమంటే నిలబడి చదువుతాను. పండగలోపు దుర్గ ఇక్కడ ఉండాలి. నేనొచ్చి తీసుకెళ్ళను. నువ్వు చెప్పి పంపాలి. తనంతట తను వచ్చినట్టు ఉండాలి.

ఆలోచించుకో. తొందరేం లేదు. పండగ అక్టోబరులో.

రాజమోహన్

*

బోటాటౌంగ్
ఆగస్టు 5

నువ్వు అడగ్గానే తిరిగి విసరడానికి నా చెల్లెలు బంతి కాదు. ఇంకెప్పుడూ నాకు రాయొద్దు.

లోకనాథం

*

బోటాటౌంగ్
సెప్టెంబరు 19

రాజమోహన్ బావకి,

రాయొద్దన్నవాణ్ణి నేనే రాస్తున్నాను. నవ్వుకో.

ఫ్యాక్టరీ మూసేశారు. పద్నాలుగేళ్ళు తెరిచి మూసిన గేటుకి ఆఖరి తాళం కూడా నా చేతే వేయించారు. దుర్గ సందు చివర పప్పు వడలు వేసి అమ్ముతోంది. సరిగా వంగని వేలు ఎత్తి పట్టుకుని పిండి తడుతుంది. తను తెచ్చినదే ఇద్దరం తింటున్నాం. అన్నగా ఎలా ఉంటుందో నీకు చెప్పినా అర్థం కాదు.

మొన్న మైదానానికి వెళ్ళాను. గోడ బయట నిలబడి చూశాను. ఆ పిల్లలు కుట్టు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళే, ఆదివారం నేర్చుకుంటున్నారు. ప్లేటు వెనక ఉన్న పిల్లకి గొంతుకూర్చోవడం కూడా రాదు. మడమలు లేపకుండా కూర్చుని, బంతి వచ్చినప్పుడల్లా వెనక్కి పడిపోతోంది. చుట్టూ అంతా నవ్వుతున్నారు. రెండు నిమిషాల్లో దిద్దగలను. గోడకి ఇవతల నిలబడి నా మోకాళ్ళు అవే వంగాయి బావా. ఈ లోకంలో నాకు వచ్చిన పని అదొక్కటే. అది చెయ్యకుండానే చచ్చిపోతానేమోనని భయంగా ఉంది.

ఒక్కటి అడుగుతాను. అమ్మవారి మీద ఒట్టు వెయ్యి, దుర్గ మీద చెయ్యి చేసుకోనని. చాలు. నువ్వు ఒట్టు వేశావంటే నేను దాంతో మాట్లాడతాను.

నీ బావ
లోకనాథం

*

లత
సెప్టెంబరు 24

బావా,

ఒట్టు. గుడికి వెళ్ళి పళ్ళెంలో కర్పూరం వెలిగించి మరీ వేశాను, పూజారిని అడుగు.

పండగకి నాలుగు రోజుల ముందే పంపు. ఆ వారం షాపులో రద్దీ ఎక్కువ.

రాజమోహన్

*

బోటాటౌంగ్
అక్టోబరు 13

రాజమోహన్ బావకి,

దుర్గ ఈ ఉత్తరంతోపాటే వస్తుంది. ముందు నువ్వు ఇది చదువు.

మూడు రోజులు చెప్పాను. మొదటి రోజు, జనం ఏమనుకుంటారు అన్నాను. వడలు తిరగేస్తూనే ఉంది. రెండో రోజు, నువ్వు మారావని, అమ్మవారి ముందు ఒట్టు వేశావని చెప్పాను. "ఆయన ఒట్లు నానెరగనేటి?" అంది, అంతే. మూడో రోజు అసలు సంగతి చెప్పేశాను. నువ్వు ఇక్కడుంటే నా కాగితం రాదు, నా పేరు నాకు రాదు అని దాంతో అన్నాను. ఈ ముక్క అనడానికి నాకు మూడు రోజులు పట్టింది. అది ముందే ఎదురుచూస్తున్నట్టుంది.

చెయ్యి కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "అన్నియ్యా, ఆ బంతి ఆయనే తప్పేసినాడని నువ్వు సెప్పినావు. ఇన్నేళ్ళూ నానదే నమ్మినాను. అదే ఆయన మొకం మీదా అన్నాను. ఇప్పుడు ఆయనే ఒప్పుకుని రాసిత్తానంటే నానెల్తాను. నీ కోసరం ఎల్తాను, ఆయన కోసరం కాదు" అంది.

నేను వద్దనలేదు. మూకుడు తోమి బోర్లించి, చీరలు సంచిలో పెట్టుకుంది. బస్సు దాకా వస్తానంటే అక్కర్లేదంది.

బావా, అది చిన్నప్పుడు ఆట అయ్యాక నా వేళ్ళకి పసుపు పట్టు వేసేది. ఒట్టు మరిచిపోకు. కాగితం కూడా.

లోకనాథం

*

లత
నవంబరు 2

లోకనాథం గారికి,

నమస్కారం. మీరు అడిగిన కాగితం సంఘానికి ఇచ్చాను. మీటింగులో నిలబడి చదివాను. నకలు దీంతో పంపుతున్నాను. 'ఆనాడు లోకనాథం ఒక వేలు చూపించాడు. నేను వాలే బంతి వేశాను. తప్పు పూర్తిగా నాది.' అందరూ చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్ళకి నిజం ఒప్పుకున్న పెద్దమనిషి అని నాకు శాలువా కూడా కప్పారు. ఉద్యోగం మీదే.

ఇప్పుడు కాగితంలో లేనిది రాస్తాను. మీరు ఒక వేలు చూపించారు. నేను సూటి బంతే వేశాను. నడుం ఎత్తున, మీ గ్లవ్ మధ్యకి. ఆ రోజు నేను వేసినవాటిలో అంత శుభ్రమైన బంతి ఇంకోటి లేదు. బ్యాటు కదిలింది, మీరు కళ్ళు మూశారు.

బంతి వేసే పిచర్ చూసేది క్యాచర్ మొహం ఒక్కటే కదా. అంతకు వారం ముందు బ్యాటు అంచుకి తగిలిన బంతి మీ మాస్కు ఊచలు లోపలికి వంచేసింది. అప్పటి నుంచి బ్యాటు ఊగిన ప్రతిసారీ మీరు కళ్ళు మూస్తూనే ఉన్నారు. వారం రోజులు అదృష్టం కాపాడింది. మాస్టారు అడిగినప్పుడు తల ఎందుకు వంచుకున్నానో తెలుసా? మా క్యాచర్ భయపడ్డాడని నా నోటితో చెప్పడం ఇష్టం లేక. మూడేళ్ళు నా చెడ్డ బంతులు మీరు దాచారు, మీది ఒక్కటి నేను దాచలేనా అనుకున్నాను. అప్పుడు మీరంటే నాకు అంత ప్రేమ.

మీరేం చేశారు? బోటాటౌంగ్ అంతా తిరిగి నేను మోసం చేశానని చెప్పారు. గుడిలో చెప్పారు, మీ నాన్నకి చెప్పారు, దుర్గకి చెప్పారు. అది నమ్మింది. మా ఇంట్లో మాటా మాటా వచ్చినప్పుడల్లా, మా అన్నియ్య బతుకు పాడు చేశావని నా మొహాన అనేది. ఆ మాట వినబడితే నేను మనిషిని కాను. ఇరవై ఒక్కేళ్ళలో ఎన్నిసార్లు అందో నేను లెక్కపెట్టలేదు. మార్చిలో కూడా అంది. ఆ వేలు మీరు చూశారు. నేను మంచివాణ్ణని చెప్పడం లేదు. ఆ మాట దాని నోట్లో పెట్టింది మీరని చెప్తున్నాను.

వచ్చిన రోజునే దుర్గని కూర్చోబెట్టి మీ ఉత్తరాలన్నీ చదివి వినిపించాను. ఆ బంతి సంగతీ చెప్పాను. నమ్మనంది. నమ్మకపోతే మీ అన్నయ్యనే అడుగు, ఫోన్ ఇస్తానన్నాను. ఫోన్ చేతిలోకి తీసుకుంది. చెయ్యలేదు. తిరిగి ఇచ్చేసింది.

ఒట్టు నిలబెట్టుకుంటున్నాను. ఇక చెయ్యి ఎత్తే పని కూడా లేదు. ఇప్పుడు ఎదురు మాట్లాడదు.

ఇట్లు
రాజమోహన్

*

బోటాటౌంగ్
డిసెంబరు 8

బావా,

నెలరోజులు జవాబు రాయలేకపోయాను. నువ్వు రాసింది నిజం.

కళ్ళు మూసుకున్నాను. ఆ వారం రోజులూ మూసుకున్నాను. మొదట్లో నాకు బాగానే తెలుసు. జనం నా వంక చూస్తుంటే ఏదో ఒకటి అనాలి కాబట్టి నీ పేరు చెప్పాను. చెప్పగా చెప్పగా నువ్వు వేసింది వాలే బంతేనని నాకు కనబడడం మొదలుపెట్టింది. ఎలా వాలిందో, ఎక్కడ నేలకి తగిలిందో చూపించగలిగేవాణ్ణి. దుర్గ మూడో రోజు నాతో ఆ మాట అన్నప్పుడు మాత్రం, ఒక్క క్షణం, సూటి బంతి కనబడింది. అప్పుడు చెప్పి ఉంటే అది వెళ్ళేది కాదు. నా కాగితం కోసం ఊరుకున్నాను.

ఉద్యోగం మానలేదు. మానేద్దామని రెండు ఆదివారాలు అనుకుని వెళ్ళాను, మానలేదు. పిల్లలు నన్ను మాస్టారిని పిలిచినట్టు 'సయా' అంటారు. నేను పక్కకి వస్తే మాటలు ఆపి నిలబడతారు. గొంతుకూర్చోవడం వచ్చింది వాళ్ళకి. బంతి వచ్చేటప్పుడు కళ్ళు మూయకూడదని ప్రతి ఆదివారం చెప్తున్నాను. వాళ్ళలో పద్మ అని మన తెలుగు పిల్ల ఒకతి, సయా మీరెప్పుడైనా మూశారా అని అడిగింది. లేదన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో చూడు.

నిన్న పగలు మీ షాపుకి వచ్చాను. నువ్వు లేవు, అందుకే ఇది రాస్తున్నాను. దుర్గని ఇంటికి రమ్మని అడగడానికే వచ్చాను. ఇంట్లో బయల్దేరినప్పటి నుంచి ఏం చెప్పాలో అనుకుంటూనే ఉన్నాను. తప్పు నాదని, కాగితం చించేస్తానని, సంఘానికి వెళ్ళి నేనే చెప్తానని. వరసలో నా ముందు ఇద్దరున్నారు. దుర్గ తూకం దగ్గర కూర్చుని సరుకు తూచి ఇస్తోంది. చిక్కిపోలేదు, ఒంటి మీద దెబ్బలేం లేవు. నువ్వు ఒట్టు తప్పలేదు.

నా వంతు వచ్చింది. తలెత్తి నన్ను తిన్నగా చూసింది. గుర్తుపట్టలేదనుకోవడానికి వీల్లేదు. కొనడానికి వచ్చే బర్మావాళ్ళతో మాట్లాడే గొంతుతోనే, బర్మాలో, ఏం కావాలి ఊలే అంది. దారినపోయే పెద్దవాళ్ళని పిలిచినట్టు ఊలే అంది.

నేనూ బర్మాలోనే, అరవీశె కందిపప్పు అన్నాను. తూచి, సంచిలో పోసి, మూతి ముడేసి నా చేతికిచ్చింది. తర్వాత నా వెనక నిలబడ్డవాణ్ణి ఏం కావాలని అడిగింది.

లోకనాథం